పెరూలో ఆండీస్ కొండల మీంచి అమెజాన్ అడవిలోకి: నా అనుభవం

పెరూ వెళ్ళాలని ఉందంటూ ఎవరైనా నన్నడిగితే మొదట చెప్పేది ఒకటే: మీరు వెళ్ళే ప్రతి ఊరి పేరు పక్కన అది సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో రాసుకోండి. అక్కడ చలి, వాన, పంట, పిట్ట, మనిషి ఊపిరి అన్నీ ఆ అంకెను బట్టే నడుస్తాయి. లీమా సముద్రం ఒడ్డున ఉంది. కుస్కో 3,400 మీటర్ల ఎత్తున ఉంది. అమెజాన్‌లోని మను అడవిలో నది ఒడ్డు మూడు వందల మీటర్ల చిల్లర. ఈ మూడూ భూమధ్యరేఖకు దక్షిణాన ఇంచుమించు 12, 14 డిగ్రీల అక్షాంశాల మధ్యే ఉన్నాయి. భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికి మన చెన్నై, బెంగళూరు ఎంత దూరమో, దక్షిణానికి అవీ అంతే. అయినా ఒకటి ఎడారి, ఇంకొకటి రాత్రిళ్ళు నీళ్ళు గడ్డకట్టే ఊరు, మూడోది ఒళ్ళంతా చెమటలు పట్టే అడవి.

నేను డిగ్రీ కాలేజీలో భూగోళశాస్త్రం చెప్తాను. మాది అనంతపురం జిల్లా. మా వైపు రైతులకు పెరూ ఎక్కడుందో తెలియకపోవచ్చు గానీ, పెరూ ఎదుట సముద్రం వేడెక్కితే ఏమవుతుందో బాగా తెలుసు. ఎల్ నినో అన్న మాట వార్తల్లో వినబడిన ఏడు మా ఇంట్లో విత్తనాల గురించి మాటలు తగ్గిపోయేవి. ఆ సముద్రాన్నీ, దాని వెనకున్న కొండల్నీ, వాటి అవతలి అడవినీ నా కళ్ళతో చూడాలన్నది ఎన్నేళ్ళ కోరికో చెప్పలేను. డల్లాస్‌లో ఉండే మా తమ్ముడికి పిట్టలంటే పిచ్చి. "అక్కా, కుస్కో నుంచి మను అడవిలోకి ఒక రోడ్డు దిగుతుంది. దాని మీద వెళ్తే నీ సిలబస్ మొత్తం కిటికీలోంచి కనబడుతుంది" అన్నాడు. అలా మొదలైంది.

ముందు ఏర్పాట్ల సంగతి. మేం వెళ్ళినప్పటి నిబంధనల ప్రకారం, చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే భారతీయులకు టూరిస్టుగా పెరూ వీసా అక్కర్లేదు. తమ్ముణ్ణి చూడ్డానికి వెళ్ళే వీసా నాకు ఎలాగూ ఉంది. అంతకన్నా ముఖ్యమైంది ఎల్లో ఫీవర్ టీకా. దీన్ని ఏ క్లినిక్‌లో పడితే అక్కడ వేయించుకుంటే కుదరదు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. పాస్‌పోర్ట్ తీసుకెళ్ళాలి. గుడ్డు తింటే పడదా, వేరే జబ్బులేమైనా ఉన్నాయా అని అడుగుతారు, ఎందుకంటే ఈ టీకాను కోడిగుడ్ల పిండాల్లోనే పెంచుతారు. వేశాక పసుపు రంగు పుస్తకంలో ముద్ర కొట్టి ఇస్తారు. అది పది రోజుల తర్వాతే చెల్లుతుంది. 2016 నుంచి దానికి జీవితాంతం విలువ ఉంది. పెరూ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ పుస్తకం లేకపోతే మన దేశంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. కాబట్టి టికెట్ తేదీ చూసుకుని ముందే వేయించుకోవడం మంచిది.

ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందికి డాక్టరుగారు అసిటజోలమైడ్ మాత్రలు రాసిచ్చారు. డయామాక్స్ అనే పేరు చాలామంది వినే ఉంటారు. సల్ఫా మందులు పడనివాళ్ళు వాటి జోలికి పోకూడదు, డాక్టరును అడగకుండా ఎవరూ వేసుకోకూడదు. నాకు వాటివల్ల వేళ్ళ చివర్లలో తిమ్మిర్లు వచ్చేవి, మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వచ్చేది. అది మామూలేనని ముందే చెప్పి ఉండడంతో టెన్షన్ పడలేదు.

లీమాలో దిగేసరికి జూన్ నెల. అక్కడ చలికాలం. ఆకాశం మొత్తం బూడిద రంగు మూత పెట్టినట్టుంది. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అన్న తేడానే లేదు. మొహానికి సన్నటి తేమ తగులుతుంది, రోడ్డు కొంచెం నల్లబడుతుంది, అంతే. దాన్ని వాళ్ళు గరువా అంటారు. కోటి మంది ఉండే ఆ మహానగరంలో ఏడాది మొత్తం కురిసే వాన రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో అతి తక్కువ వాన పడే మా అనంతపురానికే ఏడాదికి సుమారు 55 సెంటీమీటర్లు పడుతుంది.

సముద్రం పక్కనే ఉండి ఇంత ఎడారి ఎందుకైందో ఒడ్డున నిలబడి నీళ్ళల్లో చెయ్యి పెడితే అర్థమవుతుంది. నీళ్ళు చల్లగా జివ్వుమన్నాయి. దక్షిణం నుంచి వచ్చే హంబోల్ట్ ప్రవాహం, దానికి తోడు లోతుల్లోంచి పైకి ఉబికే చల్లటి నీరు, ఈ రెండూ కలిసి పైనున్న గాలిని చల్లబరుస్తాయి. చల్లటి గాలి కింద, వెచ్చటి గాలి పైన ఉండిపోతే గాలి పైకి లేవదు. లేవని గాలిలో మబ్బు పడుతుందే గానీ వాన పడదు. అవతల తూర్పు నుంచి వచ్చే అమెజాన్ తేమను ఆండీస్ గోడ ఆపేస్తుంది. అటు కొండ, ఇటు చల్లటి కడలి, మధ్యలో సన్నటి ఎడారి పట్టీ. కొండల మీంచి దిగే నదుల చుట్టూ మాత్రమే పచ్చదనం.

అదే చల్లటి నీరు సముద్రం లోపల మాత్రం జీవాన్ని నింపుతుంది. అడుగు నుంచి పోషకాలు పైకి రావడంతో ఆంచోవెటా అనే చిన్న చేపలు లెక్కలేనంతగా పెరుగుతాయి. వాటి మీద బతికే పెలికన్లు, ఇంకా టెర్న్‌లు, హంబోల్ట్ పెంగ్విన్లు, సీ లయన్లు పరాకస్ దగ్గరి బలెస్టాస్ దీవుల మీద కిక్కిరిసి ఉంటాయి. వాన లేకపోవడంతో పిట్టల రెట్ట కొట్టుకుపోకుండా గుట్టలుగా పేరుకుంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ గువానో ఎరువు అమ్మకమే పెరూ ఖజానాను నింపింది.

కొన్నేళ్ళకోసారి తూర్పు నుంచి వీచే వ్యాపార పవనాలు బలహీనపడి, పసిఫిక్ పడమటి వైపున్న వేడి నీరు పెరూ దాకా వచ్చేస్తుంది. చేపలు తగ్గిపోతాయి, పిట్టలు ఆకలితో చస్తాయి, ఎడారిలో వరదలొస్తాయి. ఇది క్రిస్మస్ ప్రాంతంలో కనబడుతుందని ఉత్తర తీరంలోని పైటా జాలర్లు దానికి బాల యేసు పేరు పెట్టారు. అదే ఎల్ నినో. 1904 నుంచి 1924 దాకా మన వాతావరణ శాఖను నడిపిన గిల్బర్ట్ వాకర్, రుతుపవనాలు ఎందుకు మొహం చాటేస్తాయో వెతుకుతూ పసిఫిక్ మీది గాలి ఒత్తిళ్ళ ఊగిసలాటను పట్టుకున్నాడు. ఆ ఊగిసలాటా, పెరూ జాలర్ల వేడి నీరూ ఒకే వ్యవహారానికి రెండు వైపులని తర్వాతి శాస్త్రవేత్తలు తేల్చారు. 2002, 2009, 2015 కరువుల వెనక ఎల్ నినో ఉంది. అయితే 1997లో చాలా బలమైన ఎల్ నినో వచ్చినా మన దేశంలో వానలు మామూలుగానే పడ్డాయి. ఈ మినహాయింపు గురించి క్లాసులో ఎప్పుడూ చెప్తాను, ఎందుకంటే ఎల్ నినో అనగానే కరువు ఖాయమని భయపెట్టడం రైతుకు మేలు చెయ్యదు. ఆ ఒడ్డున నేను చాలాసేపు ఉండిపోయాను. "అక్కా, చలేస్తోంది, పద" అని తమ్ముడు లాక్కెళ్ళాడు.

లీమా నుంచి కుస్కోకి విమానం గంటంబావు. సున్నా నుంచి 3,400 మీటర్లు ఎక్కేస్తాం. అక్కడ గాలి ఒత్తిడి మనకు అలవాటైనదానిలో మూడింట రెండొంతులే. దిగగానే ఏమీ అనిపించదు, అదే చిక్కు. అలా ఉంది కదాని ఊరు తిరిగితే రాత్రికి తలపోటు, వాంతులు. మేం విమానాశ్రయం నుంచి నేరుగా కారులో ఉరుబాంబా లోయకి దిగిపోయాం. అది 2,900 మీటర్ల లోపు ఉంటుంది. ఆ ఐదారు వందల మీటర్ల తేడా రాత్రి నిద్రలో తెలుస్తుంది. నాకు మొదటి రాత్రి నుదుటి మీద బిగబట్టినట్టు నొప్పి, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచినట్టు అనిపించడం, ఈ రెండూ ఉన్నాయి. తమ్ముడు వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూశాడు. 88 ఉంది. మన ఊళ్ళో ఆ అంకె వస్తే ఆస్పత్రికి పరుగెత్తాలి. అక్కడ కొత్తగా వచ్చినవాళ్ళకు అది మామూలే. "అక్కా, నీళ్ళు తాగు, పడుకో, రేపు మెట్లెక్కొద్దు" అన్నాడు. అలాగే చేశాను.

అక్కడివాళ్ళు కోకా ఆకుల టీ ఇస్తారు. వేల ఏళ్ళుగా కొండజనం నమిలే ఆకు అది. నేను తాగాను, కడుపులో తేలిగ్గా అనిపించింది. మున్యా అనే పుదీనా లాంటి మొక్క టీ నాకు ఇంకా నచ్చింది. కోకా ఆకుల్ని మాత్రం బ్యాగులో వేసుకుని మన దేశానికి తేకండి, చట్టం ఒప్పుకోదు.

లోయలో నడిచిన రోజుల్లో నాకు బాగా పట్టింది అక్కడి వ్యవసాయం. కింద మొక్కజొన్న, ఒక్కో గింజ బొటనవేలి గోరంత. ఇంకొంచెం పైన కినువా, బంగాళాదుంప. ఇంకా పైకెళ్తే పంటలు ఆగిపోయి ఇచు గడ్డి, దాంట్లో లామాలు, అల్పాకాలు. ఒకే రైతు కుటుంబానికి మూడు నాలుగు ఎత్తుల్లో పొలం చెక్కలుంటాయి. ఒకచోట మంచు పంటను తినేసినా ఇంకోచోట నాలుగు గింజలు దక్కుతాయని. ఆండీస్‌లో మూడు వేలకు పైగా బంగాళాదుంప రకాలున్నాయి, ఊదా రంగువీ, నల్లవీ, అల్లంకొమ్ములా వంకర్లు తిరిగినవీ. రాత్రి చలికి గడ్డకట్టించి, పగలు ఎండబెట్టి, కాళ్ళతో తొక్కి నీరు తీసి చున్యో చేస్తారు. అది ఏళ్ళ తరబడి నిలవుంటుంది. వాతావరణాన్నే వంటింటి పనిముట్టుగా వాడుకున్న జనం వాళ్ళు.

ఇక్కడే ఒక మాట. మన టమాటా, మిరప, బంగాళాదుంప, వేరుశనగ అన్నీ అమెరికా ఖండాల నుంచే వచ్చాయి. 1987లో పెరూ ఉత్తర తీరంలో సిపాన్ అనేచోట మోచే అనే పాత నాగరికత కాలపు పాలకుడి సమాధి బయటపడింది. దాంట్లో ఆయన మెడ దగ్గర బంగారు, వెండి శనక్కాయల హారం ఉంది. సుమారు పదిహేడు వందల ఏళ్ళ నాటిది. అనంతపురంలో పుట్టినదాన్ని, ఆ సంగతి చదివినప్పటి నుంచి ఆ దేశమంటే నాకు ఇంకాస్త దగ్గరితనం.

ఒంటికి ఎత్తు అలవాటయ్యాక కుస్కో నుంచి తెల్లవారుజామున బయల్దేరాం. మను లోపలి భాగంలోకి ఎవరికి వారు వెళ్ళడానికి లేదు, అనుమతి ఉన్న గైడుతోనే వెళ్ళాలి. మా గైడు ఆ కొండల్లోనే పుట్టి పెరిగిన అమ్మాయి, పిట్టల కూతలన్నీ నోటికొచ్చు. పౌకార్‌తంబో అనే చిన్న ఊరు దాటి అకహనాకో కనుమ ఎక్కాం. 3,500 మీటర్లు. చుట్టూ పసుపురంగు గడ్డి, ముక్కు తిమ్మిరెక్కించే గాలి. అక్కడ మను నేషనల్ పార్క్ బోర్డు ఉంది. 1973లో ఏర్పడ్డ ఈ పార్కును 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సుమారు 17 వేల చదరపు కిలోమీటర్లు. నాలుగు వేల మీటర్ల గడ్డిమైదానాల నుంచి మూడొందల మీటర్ల అడవి దాకా మొత్తం ఒకే పార్కు. వెయ్యికి పైగా పిట్ట జాతులు అక్కడే ఉన్నాయంటే దానికి కారణం ఆ ఎత్తుల వరసే.

కనుమ అంచున నిలబడితే ఒకవైపు పొడి కొండలు, ఇంకోవైపు కాళ్ళ కిందే తెల్లటి మబ్బు. అమెజాన్ మీంచి వచ్చే తేమగాలి ఈ కొండను గుద్దుకుని పైకెక్కుతూ చల్లబడి మబ్బవుతుంది. ఆ మబ్బులోకే రోడ్డు దిగుతుంది. కిలోమీటర్ వెళ్ళామో లేదో గడ్డి పోయి గిడసబారిన చెట్లు మొదలయ్యాయి. ఒక్కో కొమ్మకు అరచేయి మందాన నాచు. నాచు మీద ఫెర్న్‌లు, ఫెర్న్‌ల మధ్య ఆర్కిడ్లు, ఆకుల చివర నీటిబొట్లు. నేను ఒక కొమ్మ మీది నాచును వేలితో మెల్లగా నొక్కాను. వాన పడట్లేదు, అయినా నీళ్ళు మోచేతి దాకా కారాయి. ఎండాకాలంలో నదులకు నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయని పిల్లలడిగితే ఇకపై చెప్పడానికి నాకు ఆ కొమ్మ చాలు. మబ్బును చెట్లే పట్టి దించుతున్నాయి.

ఈ రోడ్డు వెంట, కోస్నిపాటా లోయలో, పరిశోధకులు వేర్వేరు ఎత్తుల్లో అడవి ముక్కల్ని గుర్తుపెట్టి, చెట్టు చెట్టుకూ నంబరు బిళ్ళ కొట్టి ఏళ్ళ తరబడి కొలుస్తున్నారు. భూమి వేడెక్కుతున్నకొద్దీ చల్లదనం వెతుక్కుంటూ చెట్ల జాతులు ఏటా సగటున రెండున్నర నుంచి మూడున్నర మీటర్ల చొప్పున పైకి జరుగుతున్నాయని 2011లో వాళ్ళు ప్రచురించారు. చెట్టు కదలదు, దాని పిల్లలు పైన మొలుస్తాయి, కింద ముసలివి చచ్చిపోతాయి. వేడి పెరిగే వేగానికి ఈ నడక చాలదు. పైగా అడవి అంచున గడ్డిభూములు అడ్డం. అక్కడ పశువుల మేత కోసం నిప్పు పెడుతుంటారు, మొలకలు నిలవవు. ఒక్కో చెట్టుకూ ఒక ఎత్తు ఉంది, ఆ ఎత్తు దాని కాళ్ళ కింద నుంచి జారిపోతోంది. నన్ను ఆ ప్రయాణంలో అన్నిటికన్నా కలవరపెట్టింది ఇదే.

సాన్ పెద్రో దగ్గర, 1,400 మీటర్ల ఎత్తున, రాత్రి ఆగాం. అక్కడ రోడ్డు పక్కనే కాక్ ఆఫ్ ద రాక్ పిట్టలు పోటీపడే చోటుంది. పెరూ జాతీయ పక్షి అది. ఐదున్నరకల్లా వెళ్ళి చెక్క మంచె మీద నిలబడ్డాం. ఇంకా చీకటి. ముందు గొంతులే వినిపించాయి, పిట్ట గొంతని ఎవరూ అనుకోరు, గురగురమని, మధ్యమధ్యలో కీచుమని. వెలుతురు రాగానే కొమ్మల మీద మంటలు రాజుకున్నాయి. మగపిట్ట ఒళ్ళంతా నిప్పురంగు నారింజ, రెక్కలు నలుపు, వీపు మీద బూడిదరంగు ఈకలు, ముక్కు కూడా కనబడనంత పెద్ద గుండ్రటి జుట్టు. ఒకటి వంగి, రెక్కలు విదిలించి, అరిచి, ఎదుటిదాని మీదికి ఉరికి, మళ్ళీ తన కొమ్మకే వచ్చింది. ఎవరి కొమ్మ వారిది. అంతలో మట్టిరంగు ఆడపిట్ట వచ్చి వాలింది. ఒక్కసారిగా అన్నీ గోల పెంచేశాయి. ఆవిడ తీరిగ్గా చూసి, ఎవరినీ ఒప్పుకోకుండా వెళ్ళిపోయింది. రాతి గోడల మీద మట్టిగూడు కట్టుకోవడం, పిల్లల్ని పెంచడం మొత్తం ఆడపిట్టే చూసుకుంటుంది. తమ్ముడు కెమెరా పక్కనపెట్టి ఊరికే చూస్తూ నిలబడ్డాడు. "ఎన్నేళ్ళుగా అనుకున్నానక్కా" అన్నాడు, అంతే.

అక్కణ్ణుంచి పిల్కోపాటా మీదుగా అటాలాయా రేవు దాకా దిగాం. స్వెటర్లు ఒక్కొక్కటీ విప్పేశాం. అరటి, కర్రపెండలం, బొప్పాయి తోటలు వచ్చాయి. నాకు తలపోటు పూర్తిగా పోయింది, గుండె దడ తగ్గింది. అటాలాయాలో పొడుగాటి మర పడవెక్కి ఆల్టో మాద్రే దె దియోస్ నది మీద బోకా మను దాకా వెళ్ళి, అక్కడ మను నదిలోకి తిరిగాం. వానల్లేని కాలం కాబట్టి నీరు తక్కువ. ముందు కూర్చున్న కుర్రాడు వెదురుగడతో లోతు చూస్తూ, వెనక మోటారు దగ్గరున్న పెద్దాయనకు చెయ్యి ఊపి దారి చెప్తున్నాడు. ఒక్క మాట లేదు. నీళ్ళల్లో మునిగిన మాను ఎక్కడుందో ఆ చేతిలోనే తెలుస్తుంది.

ఆ నదిలో కొన్ని ఒడ్డుల్లో దిగకూడదు. బయటి లోకానికి దూరంగా బతకాలనుకున్న మాష్కో పీరో ప్రజలు ఆ అడవిలోనే ఉన్నారు. మన దగ్గర మామూలు జలుబు వాళ్ళ ఊరినే ఊడ్చేయగలదు, వాళ్ళకు ఆ రోగాలను తట్టుకునే శక్తి లేదు. ఫొటో కోసం, వింత కోసం వాళ్ళ దగ్గరికెళ్ళాలనుకోవడం నేరం. ఈ విషయంలో గైడు ఎంత కచ్చితంగా ఉంటే అంత మంచి గైడు.

అడవిలో ఉండగా ఒక మధ్యాహ్నం గాలి దిక్కు మారింది. పొద్దున 30 డిగ్రీల పైన ఉక్కపోత. దక్షిణం నుంచి ఈదురుగాలి, చెట్ల పైకొమ్మలు ఊగిపోయాయి, సన్నటి జల్లు. రాత్రికి లాడ్జ్‌లో థర్మామీటర్ 14 చూపించింది. దిగేటప్పుడు విప్పిన స్వెటర్లు మళ్ళీ తీశాం. ఇది ఫ్రియాహె. ఖండం దక్షిణపు కొస నుంచి లేచిన చల్లగాలి, అడ్డంగా కొండల్లేని దారి వెంట, ఆండీస్‌కు తూర్పున ఉన్న మైదానాల మీదుగా అమెజాన్ దాకా వచ్చేస్తుంది. మే నుంచి ఆగస్టు దాకా ఏటా కొన్నిసార్లు వస్తుంది. మన ఉత్తరాన హిమాలయాలు ఇలాంటి గాలినే ఆపి మనల్ని కాపాడుతున్నాయని పాఠంలో చెప్తాం. ఆ గోడ లేకపోతే ఎలా ఉంటుందో అక్కడ పళ్ళు టకటకలాడుతుంటే తెలిసింది. అడవి మూగబోయింది. కోతుల అరుపుల్లేవు, దోమలు కూడా లేవు. అమెజాన్ అంటే ఏడాదంతా ఒకే వేడి అనుకుని దుప్పటి లాంటిదేదీ లేకుండా వచ్చే వాళ్ళుంటారు. జూన్, జులైల్లో వెళ్తే ఒక మందపాటి జాకెట్ తప్పనిసరి.

గాలి తగ్గి ఎండ కాసిన రోజున నది ఒడ్డులన్నీ నిండిపోయాయి. నల్ల కైమన్ మొసళ్ళు, కాపిబారాలనే పెద్ద ఎలుకజాతి జంతువులు, తాబేళ్ళ ముక్కుల మీద ఉప్పు కోసం వాలిన సీతాకోకచిలుకలు. ఇసుకలో జాగ్వార్ అడుగులు స్పష్టంగా ఉన్నాయి, అంచులు ఇంకా విరగలేదు.

మను నది మైదానంలో పాములా మెలికలు తిరుగుతూ పోతుంది. మెలిక మెడ దగ్గర తెగిపోతే పాత దారి చెరువైపోతుంది. కోచా సాల్వదోర్ అలాంటి చెరువే. చెక్క తెప్ప మీద తెడ్లు వేసుకుంటూ చప్పుడు చేయకుండా తిరిగాం. ఒడ్డున హోట్సిన్ పిట్టలు. ఇవి ఆకులే తిని, ఆవు కడుపులో జరిగినట్టే గొంతు కింది సంచిలో పులియబెట్టుకుంటాయి. వాటి పిల్లల రెక్కలకు గోళ్ళుంటాయి, ప్రమాదమొస్తే నీళ్ళలో దూకి మళ్ళీ కొమ్మ పట్టుకుని ఎక్కొస్తాయి. కాసేపటికి నీటి మీద తలలు లేచాయి. జెయింట్ ఆటర్లు, అంటే రాక్షస నీటికుక్కలు. ఆరడుగుల దాకా పెరుగుతాయి. కుటుంబాలుగా బతుకుతాయి. ఒక్కొక్కటీ నిటారుగా లేచి మమ్మల్ని చూసి గుర్రుమంది. ఒక్కోదాని గొంతు మీద లేత పసుపు మచ్చ ఒక్కో ఆకారంలో ఉంటుంది, దాన్ని బట్టే పరిశోధకులు వాటిని గుర్తుపడతారు. ఒకటి చేపను రెండు చేతులతో పట్టుకుని తల వైపు నుంచి తినడం మొదలుపెట్టింది. జంతికలు నమిలిన చప్పుడు చెరువంతా వినబడింది. గత శతాబ్దంలో తోలు కోసం వీటిని చాలాచోట్ల తుడిచిపెట్టేశారు. మను లాంటి మారుమూల చెరువులే వీటిని దక్కించాయి.

తిరుగుదారిలో బ్లాంకియో దగ్గర మకావ్ చిలుకలు మట్టి తినే గట్టును చూశాం. తెల్లారగానే చిన్న ఆకుపచ్చ చిలుకలు, అవి వెళ్ళాక పెద్ద ఎరుపు, ఆకుపచ్చ మకావ్‌లు. ముందు చుట్టుపక్కల చెట్ల మీద గంటకు పైగా కాపు కాశాయి, గద్ద జాడ లేదని నమ్మకం కుదిరాకే ఒకటి దిగింది, వెంటనే గట్టంతా ఎర్రబడింది. సముద్రానికి ఇంత దూరాన వానలో, ఆకుల్లో ఉప్పు దొరకదు. ఆ మట్టిలో సోడియం ఉంది. అందుకే అమెజాన్ పడమటి భాగంలోనే ఇలాంటి గట్లు ఎక్కువ. కాయల్లోని విషాన్ని కూడా మట్టి పట్టేస్తుందని మరో వివరణ.

బోకా కొలరాడో దాటాక దృశ్యం మారిపోయింది. నది మధ్యలో బంగారం తవ్వే తెప్పలు, ఒడ్డున గుల్లచేసిన కంకర దిబ్బలు. ఇసుకలోంచి బంగారాన్ని పట్టడానికి పాదరసం వాడతారు. అది నీళ్ళల్లోకి, చేపల్లోకి, ఆ చేపలు తినే పిల్లల ఒంట్లోకి చేరుతుంది. 2016లో ఆ ప్రాంతంలో పెరూ ప్రభుత్వం పాదరసం వల్ల ఎమర్జెన్సీ ప్రకటించింది. 2019లో లా పంపా అనేచోట సైన్యాన్ని దించి వేలమంది తవ్వకందార్లను ఖాళీ చేయించారు. తవ్వకం ఆ ఒక్కచోట అప్పటికి తగ్గినా మిగతా చోట్లకు పాకింది. తవ్వేవాళ్ళలో ఎక్కువమంది కొండల మీంచి పొట్ట చేతపట్టుకుని దిగొచ్చిన పేదలు. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. ఆ బంగారాన్ని ఏ గని నుంచి వచ్చిందో అడక్కుండా కొనే లోకం మీద వచ్చింది, దాంట్లో బంగారమంటే ప్రాణమిచ్చే మనమూ ఉన్నాం.

చివరగా ప్రయాణం వరస గురించి, ఇది అడిగేవాళ్ళు ఎక్కువ. కొండలు ముందు, అడవి తర్వాత పెట్టుకోండి. ఎత్తులో కష్టపడి తెచ్చుకున్న అలవాటు అడవిలో వారం ఉంటే చాలావరకు పోతుంది. మళ్ళీ కుస్కో ఎక్కితే కథ మొదటికొస్తుంది. మేం నది దిగువనున్న ప్యూర్టో మాల్దొనాడో అనే ఊళ్ళో కుస్కో మీదుగా లీమా వెళ్ళే విమానమే ఎక్కాం గానీ, కుస్కోలో బయటికి దిగలేదు. నెలల విషయానికొస్తే మే నుంచి సెప్టెంబర్ మంచిది. నవంబర్ నుంచి మార్చి దాకా ఆ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడతాయి, పడవలు ఆగిపోతాయి. అలాంటప్పుడు వెళ్ళాల్సి వస్తే చేతిలో రెండు మూడు రోజులు ఎక్కువ ఉంచుకోండి.